‘ప్రేరణ’ బయటినుంచే రావాలా?

సందేహం: బీఈడీ చదువుతున్నాను. సైకాలజీలో మోటివేషన్‌ను ‘ప్రేరణ’ అంటున్నారు. వ్యాకరణంలో ప్రేరణ అంటే ఒకరిచేత చేయించడం కదా! మరి ‘అంతర్గత ప్రేరణ’ అనడం తప్పు కాదా? ‘ప్రోత్సాహం’ అనవచ్చా?

సమాధానం: తప్పు కాదండీ. చదువు–చదివించు, తిను–తినిపించు జంటల్లో రెండోది ప్రేరణార్థకం. అక్కడ చేసేవారొకరు, చేయించేవారు మరొకరు. అది వ్యాకరణం తన పనికోసం గీసుకున్న గిరి. మాట అంతకంటే పెద్దది. ‘ప్ర’ ఉపసర్గకు కదలికను చెప్పే ‘ఈర్’ ధాతువు చేరి ‘ప్రేరణ’ అయింది. అంటే ముందుకు కదిలించడం. కదిలించేది బయటి మనిషే కానక్కర్లేదు. 1943లో అమెరికన్ మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో తన వ్యాసంలో చెప్పిన ఆకలిదప్పులు, భద్రత, ఆప్యాయత, గౌరవం, తనలోని శక్తిని పూర్తిగా వెలికితీయాలన్న తపన, ఇవన్నీ మనిషి లోపలి అవసరాలే.

అయినా మీరు పట్టుకున్న తేడా చాలా విలువైనది. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే ఆశపెట్టి, అలాగే ఇచ్చారు. దానిమీద బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను కూడా ఉన్నాయి. కొన్నాళ్లకు అవే స్కెచ్ పెన్నులు తరగతిలో ఊరికే పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లలో సుమారు సగం సేపే వాటి జోలికి వెళ్లారు. ముందు చెప్పకుండా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఇష్టం తగ్గలేదు. మన వ్యాకరణం భాషలో, ఆశపెట్టిన పిల్లలకు ‘గీయడం’ కాస్తా ‘గీయించడం’ అయిపోయింది!

‘ప్రోత్సాహం’ ఇక్కడ కుదరదు. అది ఉన్న ఉత్సాహానికి ఎదుటివారు ఇచ్చే ఊతం. ఆ సర్టిఫికెట్‌ను ప్రోత్సాహకం అనండి, సరిపోతుంది. ‘ప్రేరేపణ’ కూడా వద్దనే అంటాను. ‘గొడవకు ప్రేరేపించాడు’ అని వాడీ వాడీ దానికి చెడ్డ వాసన అంటింది.

లోపలి ప్రేరణకు మన ఇళ్లలో చక్కటి మాట ఉంది: ‘చదవబుద్ధి కావడం లేదు’, ‘తినబుద్ధవుతోంది’. ఇందులో ‘నేను’ రాదు, ‘నాకు’ వస్తుంది, చూడండి. ఆ బుద్ధి మనకు కలగాలే తప్ప, కలిగించుకుందామంటే కలగదు. పరీక్షలో ‘అంతర్గత ప్రేరణ’ అనే రాయండి. రేపు టీచరయ్యాక తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘మీవాడికి చదవబుద్ధి ఎందుకు కావడం లేదో చూద్దాం’ అనండి.