గుర్రాల పని గురించి పెద్దబాపు ఉత్తరం

చిన్నా,

నిన్న మీ బాపు ఫోన్ చేసి "వీనికి గుర్రాల పిచ్చి పట్టింది, జర నువ్వన్న చెప్పు" అని నెత్తి కొట్టుకున్నడు. మిలిటరీల జంతువులను చూసుకునే రిమౌంట్ వెటర్నరీ కోర్‌ల ఇరవై రెండేండ్లు గుర్రాల నడుమ బతికినోన్ని, వద్దని నేనెట్ల చెప్త? కానీ నీ మనసుల ఉన్నది జీను మీద కూసునుడు. జీతం వచ్చేది మాత్రం ఎక్కువగ కింద నిలబడి చేసే పనికే.

జాకీ సంగతి ఒక్క ముక్కల తేల్చేస్త. మలక్‌పేట రేసులల్ల ఉరికించే పిల్లల బరువు యాభై కిలోలకు అటు ఇటు ఉంటది. నీకు ఇప్పుడే అరవై దాటింది, మీ అమ్మ సర్వపిండి మాననియ్యదు. ఇగ పోటీల సవారీ అంటవా, 2023ల హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలల్ల మన డ్రెస్సాజ్ (గుర్రంతోని లెక్కప్రకారం అడుగులేయించే పోటీ) జట్టు బంగారం తెచ్చింది. కానీ ఆ పిల్లలు యూరప్‌ల ఉండి నేర్చుకున్నరు. గుర్రం ఖర్చు, అక్కడి ఖర్చు కలిపితే మీ బాపు చెలక మొత్తం అమ్మినా చాలదు.

నువ్వు బైపీసీ చదువుతున్నవ్ కదా, నీకు దారి ఇంటి పక్కనే ఉన్నది. ఎంసెట్ అని మనం అలవాటుగ అంటున్న ఈఏపీసెట్‌ల మంచి ర్యాంకు కొట్టు, వరంగల్ కాడి మామునూరు వెటర్నరీ కాలేజీల చేరు. నాలుగున్నరేండ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. అక్కడ ఎక్కువ చెప్పేది బర్లు, ఆవులు, గొర్లు, కోళ్ల గురించే, దానికి నారాజ్ కాకు. డాక్టర్ పట్టా చేతికొస్తే రేసు క్లబ్బులున్నయి, గుర్రాలను పుట్టించి పెంచే స్టడ్ ఫారాలున్నయి, పరిశోధన మీద మనసుంటే హిసార్‌ల గుర్రాల జాతీయ కేంద్రమున్నది. మా కోర్‌ల షార్ట్ సర్వీస్ కింద, అంటే కొన్నేండ్ల కొలువుకు, తీసుకుంటే నేరుగ కెప్టెన్ హోదా. నేను దఫేదార్‌గ రిటైరైన, నువ్వొస్తే నీకు సెల్యూట్ కొట్టేటోన్ని! అగ్నివీర్‌గ పోత అంటే మాత్రం ఆలోచించు. నాలుగేండ్లకే తీసుకుంటరు, ఆ తర్వాత ఉంచుకునేది 25 శాతం మందినే.

చదువుకుంటనే చేతి పని నేర్చుకో. అన్నిటికన్న గిరాకీ ఉన్నోడు నాల్‌బంద్, అంటే లాడాలు కొట్టేటోడు. డెక్క నెలకు దగ్గర దగ్గర సెంటీమీటర్ పెరుగుతది. ఐదారు వారాలకోసారి లాడం ఊడదీసి, డెక్క చెక్కి, మళ్ల కొట్టాలె. మేకు జరంత ఎక్కువ లోపలికి దిగినా గుర్రం కుంటుతది. నువ్వు డెక్క శుభ్రం చేసుడుతోని మొదలుపెట్టు. దాని భుజం పక్కన, తోక దిక్కు మొఖం పెట్టి నిలబడు. చెయ్యి భుజం మీది నుంచి కిందికి జార్చుకుంట పో, మడిమె పైన నరం దగ్గర మెల్లగ నొక్కు, కాలు అదే లేపుతది. కొక్కెంతోని మడిమె నుంచి ముందుకు గీరు. నడుమ మూడు మూలల మెత్తటి భాగముంటది, దాని పక్క సందులు కుళ్లిన వాసన కొడితే తడి కొట్టంల కట్టేసిండ్రన్నట్టే.

నేను మీరట్‌ల చేరిన కొత్తల చెప్పినా వినక నేరుగ వెనుక నుంచి పోయిన. కుడి మోకాలు ఇప్పటికీ చలికాలంల గుర్తు చేస్తది.

ఇంకోటి. గుర్రానికి కక్కుడు చాతగాదు. తిన్నది పొట్టల అడ్డంపడితే బయటికొచ్చే దారి లేక పొర్లి పొర్లి చస్తది. కడుపు కాడ చెవి పెట్టి వినుడు నేర్చుకో. గుడగుడ అంటుంటే మంచిదే, సప్పుడే లేకుంటే డాక్టర్‌ను లేపాల్సిందే, రాత్రి రెండైనా సరే.

మట్టెవాడ దిక్కు బారాత్‌లకు గుర్రాలు పంపేటోళ్లను అడిగి, సెలవులల్ల రెండు నెలలు లద్ది ఎత్తు. పైసలు అడగకు. కానీ ముక్కు చీమిడి కారుతున్న గుర్రాన్ని ముట్టకు. గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం అయితే మనిషికి గూడ అంటుతది, తేలిన గుర్రాన్ని చంపుడు తప్ప ఉపాయం లేదు.

దసరాకు వస్తున్న. పొద్దుగాల ఐదింటికి తయారుగ ఉండు. చెప్పులతోని కాదు, బూట్లేసుకొని రా.

మీ పెద్దబాపు