సోలార్ పెట్టండి, ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాను. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 48,000. ఇంటి ఖర్చు 35,000. అమ్మానాన్న యాచారం దగ్గర మా పొలంలో రెండు గదులు వేసుకుని ఉంటున్నారు. అక్కడికి కరెంటు లైను లేదు, స్తంభాలు వేయించే ఖర్చు మా వల్ల కాదు. జనరేటర్‌ డీజిల్‌కే నెలకు 6,000 పోతోంది. బ్యాటరీతో కలిపి 3 కిలోవాట్ల సోలార్‌కు డీలర్ 3.20 లక్షలు చెప్పాడు. 1 కిలోవాట్‌ అయితే 1.10 లక్షలట. ఉన్న 1.40 లక్షల ఎఫ్‌డీ తీసి, మిగతా 1.80 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. సబ్సిడీ 78,000 రాగానే కొంత తీర్చేస్తా. మార్చిలో చిట్టీ డబ్బు లక్ష కూడా వస్తుంది. ఇలా చేయొచ్చా సార్?

జవాబు: వద్దండి. సోలార్ మంచిదే. మీరు డబ్బు తెస్తున్న దారే బాగోలేదు.

ముందు ఆ 78,000 లెక్కలోంచి కొట్టేయండి. అది పీఎం సూర్యఘర్ సబ్సిడీ, కరెంటు కనెక్షన్ ఉన్న ఇళ్లకే. మీ పొలంలో మీటరే లేదు కదా. డీలర్లు ఈ ముక్క చెప్పరు, జనం అడగరు.

ఇక రెండు రూపాయల వడ్డీ. వినడానికి చిన్నగానే ఉంటుంది, ఏడాదికి 24 శాతం! 1.80 లక్షలకు నెలకు వడ్డీయే 3,600. మూడేళ్లలో తీర్చాలంటే అసలు కింద ఇంకో 5,000. మొదటి నెల 8,600 కడతారు, 6,000 డీజిల్ మిగుల్చుకోవడానికి. ఇదేం పొదుపు?

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఎఫ్‌డీ. మీ ఖర్చుకు ఆ 1.40 లక్షలు సరిగ్గా నాలుగు నెలలకు వస్తాయి. నేనైతే ఆరు నెలలది ఉండాలంటాను. అదీ తీసేశాక ఏ అర్ధరాత్రో నాన్నగారిని ఇబ్రహీంపట్నం ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే? అడ్వాన్సు కట్టమంటే కౌంటర్ దగ్గర సోలార్ ప్యానెల్ చూపిస్తారా? మళ్లీ ఆ ఫైనాన్స్ గుమ్మమే ఎక్కాలి. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే సోలార్ కంటే ముందు అది చూడండి.

మార్చి దాకా ఆగండి. చిట్టీ లక్షకు పదివేలు కలిపి 1 కిలోవాట్‌తో మొదలుపెట్టండి. ఎండ బాగుంటే రోజుకు 4 యూనిట్ల దాకా వస్తుంది. చిన్న ఫ్రిజ్‌కు ఒక యూనిట్, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడింటికి ఇంకొకటి, లైట్లు, టీవీ, ఫోన్లు కలిపినా మూడు దాటదు. ముసురు పట్టిన రోజుల్లోనూ, బోరు మోటారుకూ జనరేటర్ ఉండనే ఉంది. రాత్రిపూట దాని రొద తప్పుతుంది, నాన్నగారు బండి మీద డబ్బా పెట్టుకుని రోజూ బంకుకు తిరిగే పనీ తగ్గుతుంది. ఇన్వర్టర్ మాత్రం తర్వాత ప్యానెళ్లు పెంచుకోవడానికి వీలున్నది తీసుకోండి. వ్యవసాయ మోటారు కోసమైతే పీఎం కుసుమ్ అనే సోలార్ పంపు పథకం గురించి విడిగా కనుక్కోండి.

ప్యానెల్ పాతికేళ్లు వస్తుంది, బ్యాటరీ రాదు. ట్యూబులర్ అయితే నాలుగైదేళ్లు, లిథియం అయితే పదేళ్ల దాకా. వారెంటీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి. కోతుల బెడద ఉంటే ప్యానెళ్లకు జాలీ కూడా అప్పుడే మాట్లాడుకోండి, నాకు తెలిసిన ఒకాయనకు రెండు అద్దాలు పగిలాక గానీ ఆ ఆలోచన రాలేదు. డీజిల్ ఖర్చు తగ్గిన మొదటి నెల నుంచే వెయ్యి రూపాయలు బ్యాటరీ పేరున ఆర్డీ కట్టండి. మిగిలింది ఎఫ్‌డీలో కలపండి, 2.10 లక్షలు అయ్యేదాకా.