చావు రాసేముందు తిండి రాయి

అమ్మా,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. వియన్నా పత్రిక 'వీనర్ త్సైటుంగ్' మీద రాయాలనిపించడం మంచిదే, వాక్యం నీ చేతిలో ఉంది. కానీ మూడో పేరాలో 'ఇంటర్నెట్ ఆ పత్రికను మింగేసింది' అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

మింగింది చట్టం. ఆ పత్రిక ఆస్ట్రియా ప్రభుత్వానిది. కంపెనీలు ప్రభుత్వ రిజిస్టరులో తమ వివరాల మార్పులను దాని అధికారిక ప్రకటనల పేజీల్లో డబ్బు కట్టి వేయించాలన్నది అక్కడి రూలు. విలేకరుల జీతాలు ప్రధానంగా ఆ డబ్బులోంచే వచ్చేవి. దినపత్రిక నడపడం ప్రభుత్వం పని కాదని పాలకులు వాదించారు. 2023 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆ రూలు ఎత్తేసింది. 1703 ఆగస్టు 8న పుట్టిన పత్రిక, 2023 జూన్ 30న దినపత్రికగా చివరిసారి అచ్చయింది. ఆ తర్వాత అది బతికింది ప్రధానంగా ఇంటర్నెట్‌లోనే! నువ్వు నింద మోపిన చోటే.

నీ వ్యాసంలో చక్రవర్తులున్నారు, సంగీతకారుడు మోజార్ట్ మరణవార్త ఉంది, పాత కాగితం వాసన పేజీకోసారి వస్తుంది. ఆ ప్రకటనల ఊసే లేదు. నాజీల ఏలుబడిలో 1940లో ఆగిపోయి, 1945లో మళ్లీ వచ్చిన సంగతీ వదిలేశావు. అంతటి దెబ్బ తిని లేచిన పత్రిక, ప్రకటనల డబ్బు పోతే అచ్చులో నిలవలేకపోయింది. వ్యాసమంతా అక్కడే ఉందమ్మా.

నేను డెస్క్‌లో ఉన్నప్పుడు మా ఎడిషన్ మూసేశారు. సబ్ ఎడిటర్లందరం నిర్ఘాంతపోయాం. యాడ్స్ గుమాస్తా మాత్రం, 'టెండర్ నోటీసులు ఏడాదిగా రావట్లేదు, మాకెప్పుడో తెలుసు' అన్నాడు. ఆయన చెప్పిన లెక్కలతో వ్యాసం రాసి ఒక ఆదివారం అనుబంధానికి ఇచ్చాను. 'అంకెలు తీసెయ్, పాఠకుడి కళ్లు చెమర్చాలి' అని తిప్పి పంపాడు సంపాదకుడు. నేను తీయలేదు, అది అచ్చు కాలేదు. జీతం ఆగిన నెలల్లో ఆ పారితోషికం నాకు ఎంత అవసరమో నాకే తెలుసు. ఇవాళా ఆ రకం సంపాదకులే కుర్చీల్లో ఉన్నారు. పత్రిక పోయిన ప్రతిసారీ జ్ఞాపకాల వ్యాసాలు వేస్తారు, బాకీల గురించి ఒక్క ముక్క వేయరు. వాళ్లకు నచ్చేలా రాయడం నువ్వు అప్పుడే నేర్చేసుకున్నావేమోనని నా దిగులు.

ఆ చివరి సంచిక మొదటి పేజీ చూశావా? 320 ఏళ్లు, 12 మంది అధ్యక్షులు, 10 మంది చక్రవర్తులు, 2 రిపబ్లిక్‌లు, 1 పత్రిక. వాళ్లు అంకెలతోనే సెలవు తీసుకున్నారు. అది చదివితే గొంతు పట్టేయలేదూ?

ఒక్కో ప్రకటనకు కంపెనీ ఎంత కట్టేదో కనుక్కో. దాన్ని రెండో పేరాలో పెట్టి మళ్లీ పంపు. మోజార్ట్‌ను తీసేయక్కర్లేదు, కిందికి జరుపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు