పెళ్లికి ముందు కొన్న ఇంట్లో భర్తకు సగం వస్తుందా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. నేను టీచర్‌ను. 2014లో బ్యాంకు లోన్ తీసుకుని 150 గజాల్లో ఉన్న ఇల్లు నా పేరున కొన్నాను. 2017లో పెళ్లయింది. తర్వాత రెండేళ్లు కిస్తులు మావారి ఖాతా నుంచి పోయాయి. పైన రెండు గదులు వేసినప్పుడు ఆయన ఐదు లక్షలు పెట్టారు. లోన్ తీరిపోయింది. ఇప్పుడు విడాకులు తీసుకోవాలనుకుంటున్నాం. పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, సగం ఇల్లు ఆయనకు ఇస్తానని బాండు పేపరు మీద నాతో సంతకం చేయించారు. నేను తల్లిగారింట్లో ఉన్నాను. ఆయన ఆ ఇంట్లోనే ఉన్నారు, ఒరిజినల్ కాగితాలూ ఆయన దగ్గరే. సగం ఇల్లు పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. విడాకుల కంటే ఆ బాండు పేపరే మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతున్నట్టుంది. ముందు దాని సంగతే చూద్దాం.

ఇల్లు, స్థలం లాంటి స్థిరాస్తిలో హక్కు చేతులు మారాలంటే ఆ కాగితం రిజిస్టర్ కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కని కాగితం మీద ఎంతమంది పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టినా ఇల్లు మీ పేరు మీదనే ఉంటుంది. అట్లని దాన్ని మరిచిపోవద్దు. "ఇస్తానని ఒప్పుకుంది, రిజిస్ట్రేషన్ చేయించండి" అని ఆయన దావా వేయొచ్చు. అందుకే వకీలుతో త్వరగా ఒక నోటీసు పంపించండి. ఒత్తిడి మీద పెట్టిన సంతకమని, దానికి బదులుగా మీకు రూపాయి కూడా ముట్టలేదని, దానికి మీరు కట్టుబడి లేరని అందులో ఉండాలి. ఎవరెవరు కూర్చున్నారు, ఏమన్నారు, ఏ తేదీ అన్నది గుర్తున్నప్పుడే రాసిపెట్టుకోండి. జరిగింది జరిగినట్టే రాయించండి. లేని బెదిరింపు ఒక్కటి కలిపినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉన్నది కూడా అబద్ధమైపోతుంది.

"విడాకులైతే చెరిసగం" అనే మాట అమెరికాలో ఉన్న చుట్టాల ఫోన్ల నుంచి మన ఊళ్లకు దిగినట్టుంది. చెరిసగం పద్ధతి ఉన్న కాలిఫోర్నియాలో కూడా పెళ్లికి ముందు కొన్న ఆస్తి కొన్నవారిదే. మీరు హిందూ చట్టం కిందికి వస్తారనుకుని చెబుతున్నాను: మన దగ్గర అసలు ఆ పంపకమే లేదు. 1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కూడా పెళ్లి సమయంలో కానుకగా వచ్చి, ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన ఆస్తి గురించే మాట్లాడుతుంది. మీ పేరున, పెళ్లికి మూడేళ్ల ముందు కొన్న ఇంటికి మీరే పూర్తి హక్కుదారు.

ఇక ఆయన పెట్టిన డబ్బు. కిస్తులు కట్టినంత మాత్రాన ఆయన యజమాని కారు. కావాలంటే డబ్బు తిరిగి ఇవ్వమని అడగొచ్చు, అప్పుగా ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆయనే. తాను కాపురమున్న ఇంటికి భర్త కట్టిన కిస్తులను అప్పని చూపించడం తేలిక కాదు. ఐదు లక్షల విషయంలో మాత్రం కాసేపు చట్టాన్ని పక్కనపెట్టి చెబుతాను. ఆ గదులు మీకే మిగులుతాయి, రేపు వాటి అద్దె మీకే వస్తుంది. ఆ డబ్బు ఇచ్చేసి తెగదెంపులు చేసుకోవడం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగడం కంటే చవక. నగదు మాత్రం చేతికి ఇవ్వొద్దు. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులకు వెళితే ఆ ఒప్పందంలోనే రాయించండి: ఆయన ఇల్లు ఖాళీ చేసి ఒరిజినల్ కాగితాలు, ఆ బాండు పేపరు తిరిగిచ్చిన రోజే డీడీ. ఈ పిటిషన్‌కు ముందు ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

ఆయన ఒప్పుకోకపోతే? అన్నదమ్ములను తీసుకెళ్లి తాళం పగలగొట్టకండి, ఆస్తి గొడవ కాస్తా క్రిమినల్ కేసవుతుంది. భార్యాభర్తల మధ్య ఆస్తి దావాను కూడా ఫ్యామిలీ కోర్టు వింటుంది, అక్కడే ఖాళీ చేయించమని అడగండి. 2005 గృహహింస చట్టం ఇచ్చే నివాస హక్కు స్త్రీలకే, భర్త దాన్ని అడ్డం పెట్టుకోలేడు. (ఇల్లు ఆయనదై ఉంటే మీకు వాటా రాదు గానీ, ఆ ఇంట్లో ఉండే హక్కు అడగగలిగేవారు. ఈ సంగతి తెలియకనే ఎంతోమంది ఆడబిడ్డలు బట్టలు సర్దుకుని తల్లిగారింటికి వచ్చేస్తుంటారు.)

ఇంకొక మాట. భరణం భర్త కూడా అడగొచ్చు, హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్లు ఇద్దరికీ వర్తిస్తాయి. సంపాదన ఉన్న మనిషికి ఇవ్వడం అరుదే. అయినా ఇప్పుడు భయపడి ఇల్లు తమ్ముడి పేరున మార్చకండి. భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాచినట్టు కనబడితే జడ్జి చూపే మారిపోతుంది.

ఒరిజినల్స్ చేతిలో లేవని దిగులు వద్దు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే సర్టిఫికెట్) తీసుకోండి. ఆయన ఖాతా నుంచి పోయినవి తప్ప మిగతా కిస్తులన్నీ మీ జీతం నుంచే కట్టినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయండి. వకీలు ఫీజు భారమనుకుంటే నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును పెట్టిస్తారు, టీచర్ ఉద్యోగం ఉన్నా సరే.