గడియారం చూసి సక్షన్ చేయకు

చిట్టితల్లీ,

బరంపురంలో పిల్లల ఐసీయూలో నర్సుగా చేరుతున్నావని మీ నాన్న నిన్న గుణుపురం బండి దిగి నేరుగా మా ఇంటికే వచ్చి చెప్పాడు. సంతోషం పట్టలేక పర్లాకిమిడిలో మా వీధంతా చెప్పొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చేతులు కడుక్కోవడం, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ మంచం పక్కనే ఉంచుకోవడం నీకు తెలిసినవే. సక్షన్ గురించి, అంటే శ్వాస ట్యూబులో చేరిన కఫాన్ని క్యాథెటర్ అనే సన్నటి గొట్టంతో లాగేయడం గురించి మాత్రం రాయాలి.

నా ఉద్యోగం కొత్తలో వార్డులో రెండు గంటలకోసారి సక్షన్ చేసేవాళ్లం. ఒక రాత్రి వెంటిలేటర్ మీద ఏడాది నిండని బాబు ఉన్నాడు, నిమోనియా. అప్పుడే కుదుటపడి నిద్రపోతున్నాడు. ఆక్సిజన్ 97. ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోంది, గరగర లేదు. అయినా చార్టులో గడి ఖాళీగా ఉందని, పొద్దున్న పెద్ద సిస్టర్ అడుగుతుందని క్యాథెటర్ వేశాను. అడ్డు తగిలేదాకా తోశాను కూడా. గుండె 140 నుంచి 60కి పడిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. బ్యాగ్ నొక్కుతుంటే నా చేతులు వణికిపోయాయి. తేరుకున్నాడు కానీ, మర్నాడంతా కఫంలో నెత్తుటి చారలే. వాళ్లమ్మకు తెలుగు రాదు, అప్పటికి నాకు ఒడియా రాదు. తలుపు దగ్గర నిలబడి నా ముఖంలోకే చూసింది. బాబు బాగై ఇంటికెళ్లాడు. ఆ చూపు మాత్రం నన్ను వదల్లేదు.

అందుకే తల్లీ, పిల్లాణ్ణి చూడు. ట్యూబులో కఫం కనిపిస్తోందా? స్టెతస్కోప్ పెడితే గరగర ఉందా? వెంటిలేటర్ తెర మీద గాలి ప్రవాహం చూపే ఫ్లో గీత రంపపు పళ్లలా ఉందా? వెంటిలేటర్ గొట్టాల్లో నీళ్లు చేరినా అలాగే కనిపిస్తుంది, ముందు అవి తీసెయ్. కఫం అడ్డుపడితే, ప్రతి ఊపిరికీ ఇంత గాలి అని పెట్టే వాల్యూమ్ మోడ్‌లో ప్రెషర్ పెరుగుతుంది, ఇంత ఒత్తిడి అని పెట్టే ప్రెషర్ మోడ్‌లో లోపలికెళ్లే గాలి తగ్గుతుంది. ఆక్సిజన్ పడిపోగానే కఫమే అనుకోకు, ట్యూబ్ జారి ఉండొచ్చు. డాక్టర్ని పిలవడానికి మొహమాటం ఎందుకే!

క్యాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం మించకూడదు. ముందు ఆక్సిజన్ పెంచు. ట్యూబ్ కొసదాకానే, పది సెకన్లలో బయటికి తీసెయ్. అలవాటుగా సెలైన్ పోయకు. అలాగని నా భయం నీకంటుకుని, కఫం నిండిన ట్యూబ్ చూస్తూ కూర్చోకు. పసివాళ్ల ట్యూబ్ సన్నం, త్వరగా మూసుకుపోతుంది.

నైట్ డ్యూటీకి ఖాళీ కడుపుతో వెళ్లకు. చేరేలోపు ఒక ఆదివారం రా. ఆ తల్లికి నేను చెప్పలేకపోయిన నాలుగు మాటలూ ఒడియాలో నీకు నేర్పుతాను.

నీ మేనత్త