క్యూ వచ్చింది, యు రాలేదు

చి. కీర్తనకు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇంగ్లిషు అక్షరాల బిళ్లలతో బోర్డు మీద మాటలు కూర్చే ఆట స్క్రాబుల్‌లో క్యూ చేతికి రాగానే యు కోసం కాచుకుని కూర్చుంటున్నావని, మూడు నాలుగు వంతులు అలాగే పోతున్నాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వచ్చే నెల పోటీకి వెళ్లే లోపు ఈ అలవాటు మానుకోవాలి. ఎలాగో రాస్తున్నాను, బోర్డు ముందు పెట్టుకుని చదువు.

ఇంగ్లిషులో క్యూ తర్వాత దాదాపు ఎప్పుడూ యు వస్తుంది, నీ తిప్పలకి అదే మూలం. ముందు లెక్క చూడు. పెట్టెలో ఉన్న నూరు బిళ్లల్లో క్యూ ఒకటే, యు నాలుగే. ఐ తొమ్మిది, ఏ తొమ్మిది. కాబట్టి క్యూ వచ్చినప్పుడు కళ్లు వెతకాల్సింది ఐ కోసం, ఆ తర్వాత ఏ కోసం. క్యూ-ఐ రెండక్షరాల మాట. పలకడం 'చీ' అని, చైనా వాళ్లు ప్రాణశక్తిని అలా అంటారు. క్యూతో రెండక్షరాల మాట ఇదొక్కటే. తిరగేసి ఐ-క్యూ అని పెట్టకు, అది పొడి అక్షరాల మాట, చెల్లదు. అంటే బోర్డు మీద ఐ కనిపిస్తే దానికి ఎడమ గడి గానీ పై గడి గానీ ఖాళీగా ఉందా అని చూడాలి. కుడి గడి, కింది గడి నీకు పనికిరావు.

ఇప్పుడు అసలు లాభం. బోర్డు మీద అడ్డంగా టాక్సీ (టి-ఏ-ఎక్స్-ఐ) ఉందనుకో. దాని చివరి ఐకి సరిగ్గా పై గడి ట్రిపుల్ లెటర్ (అక్షరం విలువను మూడింతలు చేసే గడి), చుట్టుపక్కల ఖాళీ. నీ చేతిలో క్యూ, ఐ ఉన్నాయి. క్యూని ఆ ట్రిపుల్ గడిలో పెట్టి, దాని కుడి పక్కన నీ ఐ పెట్టు. అడ్డంగా ఒక చీ, నిలువుగా ఒక చీ వచ్చాయి. క్యూ విలువ పది, దానికి మూడింతలు 30, ఐ విలువ 1, మొత్తం 31. ట్రిపుల్ రెండు మాటలకీ లెక్కకొస్తుంది కనుక 62. రెండే బిళ్లలతో! ఆ ఐ మాట చివరన కాకుండా మధ్యలో ఉంటే మాత్రం జాగ్రత్త. దాని తర్వాతి అక్షరం నీ కొత్త ఐ కిందికి వస్తుంది. అది ఎన్, టి, ఎస్, డి, ఎఫ్ లాంటిదైతే ఇన్, ఇట్, ఇజ్, ఇడ్, ఇఫ్ అయి చెల్లుతుంది. ఎల్ గానీ జి గానీ అయితే మాట తప్పు, వేసినదంతా వెనక్కి తీయాల్సిందే.

చీ కుదరనప్పుడు పెద్ద మాటలు. వీటిలో చాలా భాగం అరబ్బీ నుంచి వచ్చినవి. ఆ భాషలో గొంతు లోపలి నుంచి పలికే 'క'ని ఇంగ్లిషు వాళ్లు క్యూతో రాశారు, అందుకే పక్కన యు లేదు. హైదరాబాదులో పెరిగిన దానివి, సగం మాటలు నీకు చెవిన పడినవే: ఫకీర్ (ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్), నిఖాబ్ (ఎన్-ఐ-క్యూ-ఏ-బి), తలాక్ (టి-ఏ-ఎల్-ఏ-క్యూ), బురఖా (బి-యు-ఆర్-క్యూ-ఏ). చివరిదానిలో యు ఉంది కానీ క్యూ తర్వాత లేదు చూడు. అలాగే సూక్ (ఎస్-యు-క్యూ), అరబ్బు దేశాల బజారు. వీటికి తోడు యెమెన్‌లో నమిలే ఆకు ఖాట్ (క్యూ-ఏ-టి), నేల కింద నీటి సొరంగం ఖనాత్ (క్యూ-ఏ-ఎన్-ఏ-టి), మత్తుమందుకి ముద్దుపేరు ట్రాంక్ (టి-ఆర్-ఏ-ఎన్-క్యూ), హీబ్రూ అక్షరం కోఫ్ (క్యూ-ఓ-పి-హెచ్). బీదర్ కోట దగ్గర కరేజ్ అని చూపిస్తారే, ఖనాత్ అంటే అదే. క్యూ, ఏ, ఐ, డి ఈ నాలుగూ చేతిలో ఉంటే రెండు మాటలు: క్యూ-ఏ-ఐ-డి అంటే తెగ పెద్ద, క్యూ-ఏ-డి-ఐ అంటే ఖాజీ. ఏది అక్కడ అతుకుతుందో అది వెయ్యి. చీతో సహా ఇవన్నీ చివర ఎస్ తీసుకుంటాయి. ఎదుటివాళ్లు ఆ ఎస్ తగిలించి లాక్కోకుండా, మాట చివరి గడి బోర్డు అంచున గానీ మూసుకుపోయిన చోట గానీ పడేలా చూసుకో.

ఖవ్వాలీ కూడా చెల్లుతుంది, కానీ డబ్ల్యూలు రెండు రాయాలి (క్యూ-ఏ-డబ్ల్యూ-డబ్ల్యూ-ఏ-ఎల్-ఐ). ఆటలో ఉన్న డబ్ల్యూలే రెండు. దాని కోసం ఎదురుచూడకు. ఇరాక్, ఖతర్, ఖురాన్ పేర్లు కాబట్టి చెల్లవు.

గుర్తుపెట్టుకోవడానికి మాటని మాటలా బట్టీ పట్టకు. చేతిలో అక్షరాలు ఎప్పుడూ చిందరవందరగానే వస్తాయి కదా. చిన్న అట్టముక్క ముందువైపు అక్షరాలను ఏబీసీడీ వరసలో రాయి, వెనక మాట రాయి. ఏ-ఏ-ఎల్-క్యూ-టి చూడగానే తలాక్, ఏ-ఏ-ఎన్-క్యూ-టి చూడగానే ఖనాత్, ఏ-ఎన్-క్యూ-ఆర్-టి చూడగానే ట్రాంక్ తట్టాలి. ర్యాక్ మీద బిళ్లలను కూడా అదే వరసలో పేర్చుకో. ఈ పని చేసేవాళ్లకీ చేయనివాళ్లకీ తేడా నెలలోనే తెలుస్తుంది.

ఎప్పుడు వదిలేయాలి? క్యూ కూర్చుని ఉన్నంత సేపూ నువ్వు ఆరు బిళ్లలతోనే ఆడుతున్నట్టు. ఏడూ ఒకేసారి వేస్తే వచ్చే 50 పాయింట్ల బోనస్ దాదాపు అందదు. ఒక వంతు చూడు. రెండో వంతుకీ బోర్డు మీద దారి కనిపించకపోతే, సంచిలో కనీసం ఏడు బిళ్లలు ఉన్నప్పుడే క్యూని సంచిలో వేసి మార్చెయ్. అంతకంటే తగ్గితే మార్చనివ్వరు. చివరికి క్యూ చేతిలో మిగిలిందా, నీకు పది తగ్గి ఎదుటివాళ్లకు పది కలుస్తుంది. పోటీల్లో నీకు తగ్గించకుండా వాళ్లకే రెట్టింపు ఇస్తారు, తేడా అదే 20. ఏ అక్షరంగానైనా వాడుకోదగ్గ ఖాళీ బిళ్లను యుగా వాడి క్యూని వదిలించుకోవడం నాకు నచ్చదు. ఆట ఆఖర్లో తప్ప ఆ పని చేయకు. ఖాళీ బిళ్ల ఉండాల్సింది ఏడక్షరాల మాట కోసం.

ఇంకొకటి. మన దేశంలో పోటీలు కాలిన్స్ పదకోశంతో జరుగుతాయి. డల్లాస్‌లో మీ అన్నయ్య వాళ్లు ఆడేది అమెరికా జాబితాతో, దానిలో మాటలు తక్కువ. సి-హెచ్, జెడ్-ఓ లాంటి రెండక్షరాల మాటలు నీకు చెల్లుతాయి, వాడికి చెల్లవు. ఆన్‌లైన్‌లో వాడితో ఆడే ముందు ఏ పదకోశమో చూసుకో. అమెరికా పద్ధతిలో మాట చెల్లదని ఛాలెంజ్ చేసి, అది సరైనదని తేలితే ఛాలెంజ్ చేసినవాళ్ల వంతు పోతుంది. కాబట్టి వాడు ఖనాత్ వేస్తే నోరు మూసుకుని నీ ఆట నువ్వు ఆడుకో.

అట్టముక్కలు ఇరవై చేసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి, అక్షరాలు నేను చెబుతాను, మాట నువ్వు చెప్పాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ