సౌదీ పల్లెలో తోట పని: వెళ్లేముందు వీసాలో చూడవలసినది

మీ తమ్ముడికి సౌదీ అరేబియాలోని ఒక చిన్న ఊళ్లో తోట పనికి వీసా వచ్చిందని, అక్కడి బతుకు ఎలా ఉంటుందో తెలిసినవారు చెప్పమని అడిగారు. నేను జగిత్యాల జిల్లా నుంచి వెళ్లి 2017 నుంచి 2021 వరకు అల్ ఖసీం ప్రాంతంలో, బురైదా నగరానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరాన ఒక ఖర్జూరపు తోటలో పనిచేశాను. ఎండ, చాకిరీ, ఒంటరితనం అందరూ ముందే అనుకొని వెళ్లేవే. నేను అనుకోనిది, నా మంచిచెడ్డలన్నీ ఒక్క మనిషి చేతిలో ఉంటాయన్న సంగతి.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మగ చెట్ల పూతను తెచ్చి ఆడ చెట్ల పూగుత్తుల్లో పెట్టాలి, తరువాత గెలలు బరువుకు విరగకుండా మట్టలకు కట్టాలి, ఆగస్టులో సుక్కరీ అనే రకం ఖర్జూరం కాయ కోతకు వస్తే తెల్లవారేసరికి సరుకు బురైదా మార్కెట్‌కు చేరాలి కనుక రాత్రి రెండింటికే లేవాలి. మా ఊళ్లో గౌడన్నలు మోకు కట్టుకొని తాటిచెట్టు ఎక్కడం చిన్ననాటి నుంచి చూసినవాణ్ని గనుక చెట్టెక్కడం నాకు తొందరగానే అబ్బింది. జనవరిలో రేకుల గదిలో చలికి మాత్రం వణికిపోయాను. గల్ఫ్ అంటే ఎండేనని దుప్పటి కూడా లేకుండా వెళ్లిన తెలివి నాది.

ఊరంటే ఒక మసీదు, ఒక పెట్రోల్ బంకు, కేరళ అతను నడిపే బకాలా, అంటే కిరాణా దుకాణం. తెలుగువాణ్ని నేనొక్కణ్నే కావడంతో ఆరు నెలల్లో అరబ్బీ వచ్చేసింది. రంజాన్ నెలలో చుట్టుపక్కల ఇళ్ల నుంచి మాకు పళ్లేలతో భోజనం వచ్చేది. రియాద్ లేబర్ క్యాంపుల్లో ఉన్న మా ఊరివాళ్లు ఇలాంటి ఆదరణ తమకు దొరకలేదని అనేవారు.

నా వీసా కంపెనీది కాదు, ఒక వ్యక్తి పేరు మీద తీసిన తోట కార్మికుడి వీసా. సెలవు మీద ఇంటికి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీని, అంటే దేశం దాటి తిరిగి రావడానికి అనుమతిని, కఫీలే, అంటే వీసా తీసిన ఆ యజమానే, తీయాల్సి వచ్చేది. చెప్పకుండా వెళ్లిపోతే హురూబ్, అంటే పనివాడు పారిపోయాడన్న ఫిర్యాదు, పెట్టేవాడు, దానితో మనం చట్టవిరుద్ధంగా ఉన్నవాళ్లమయ్యేవాళ్లం. 2019 ఆగస్టులో మా నాన్న చనిపోయినప్పుడు, కోత ముగిశాక వెళ్లమన్నాడు కఫీల్. నేను ఇల్లు చేరింది 43వ రోజున. ఆయన దుర్మార్గుడని కూడా అనలేను, టికెట్ తన డబ్బుతోనే కొన్నాడు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారడానికి, సెలవుపై వెళ్లడానికి వీలు కల్పిస్తూ 2021 మార్చిలో వచ్చిన సంస్కరణలు కంపెనీల కార్మికులకే; తోట పనివారికి, పశువుల కాపరులకు, ఇంటి పనివారికి, ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు అవి వర్తించలేదు.

జీతం 1,200 రియాళ్లని ఇక్కడ చెప్పారు, అక్కడ 1,000 ఇచ్చారు. అప్పట్లో రియాల్‌కు సుమారు 19 రూపాయలు వచ్చేవి. కంపెనీవాళ్లకు బ్యాంకు ఖాతాలో పడినట్లు కాక నాకు చేతికి నగదు ఇచ్చేవారు, అదీ ఒక్కోసారి రెండు నెలలది కలిపి. ఈజిప్టు సహోద్యోగి సలహాతో ఒక నోటుబుక్ పెట్టి, డబ్బు ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి కఫీల్ సంతకం తీసుకున్నాను. చివరలో ఐదు నెలల బకాయి తేలినప్పుడు ఆ పుస్తకం చూపించాకే నాలుగు నెలలది చేతికి వచ్చింది.

నేను ఊరి ఏజెంటుకు 80,000 రూపాయలు కట్టాను. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ మాత్రమేనని తరువాత తెలిసింది. కనుక ఏజెంటు పేరు భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నదో లేదో ముందే చూడండి; విదేశాలకు పనికి వెళ్లేవారి కోసం ఉన్న 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా చేయించారో లేదో కాగితం చూసి తెలుసుకోండి. వీసాలో యజమానిగా కంపెనీ ఉన్నదా, వ్యక్తి ఉన్నాడా, వృత్తి ఏమని రాశారు అన్నది మీ తమ్ముణ్ని అడిగి ఇక్కడ రాస్తే, నాకు అర్థమైనంతవరకు వివరించి చెబుతాను.